చెవి వెనక మినపగింజ

సువర్చలకు భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎన్నడూ తప్పు చేయడు.

మిగతా విషయాల్లో మంచివాడే. అరవడు, వంటకు వంకలు పెట్టడు, అవసరమైతే పిల్లకు జడ కూడా వేస్తాడు. అది మోకులా తయారవుతుందన్నది వేరే సంగతి. తప్పు మాత్రం చేయడు. తునిలో దిగాల్సినవాడు ఎదురు రైలెక్కి తణుకులో తేలినప్పుడు, సామర్లకోట స్టేషన్లో ప్లాట్‌ఫారాల ఏర్పాటు శాస్త్రీయంగా లేదన్నాడు. కాఫీలో పంచదార బదులు ఉప్పు వేసిన రోజున, రెండు డబ్బాలూ ఒకేలాంటివి కొన్నందుకు భార్యను క్షమించాడు. పెళ్ళిలో మూడోముడి జారిపోతే పసుపుతాడు నాణ్యత గురించి పురోహితుడితో చర్చ పెట్టాడు. ఆ చర్చ పెళ్ళి వీడియోలో ఇప్పటికీ, సన్నాయి వెనకాల, స్పష్టంగా వినబడుతుంది.

అలాంటి ఉదయభాస్కర్ చేదోడును కనిపెట్టాడు.

దానికి మూలం వాళ్ళమ్మాయి కుందన చదివే బడి. కాకినాడలో ఒక పాత పెంకుటింట్లో నడిచే ఆ గువ్వలగూడు బడిలో పాఠ్యపుస్తకాలుండవు. ఐదారేళ్ళ పిల్లలు పన్నెండుమంది ఒక ప్రశ్నను పట్టుకుని నెలల తరబడి దాని వెంటపడతారు. దానికి ప్రాజెక్టు అని పేరు. మధ్యాహ్నం భోజనాల గంట దాకా తెలుగులో వెంటపడతారు, గంట కొట్టాక ఇంగ్లీషులో. ఈసారి ప్రశ్నను కుందనే ఇంటినుంచి మోసుకెళ్ళింది: ఇడ్లీపిండి తెల్లారేసరికి ఎందుకు పొంగుతుంది?

వాళ్ళమ్మను అడిగితే ఎప్పటిలాగే "వెతుకు" అంది. సువర్చలకు జవాబు తెలియక కాదు. బాటనీలో ఆవిడ సంపాదించిన డిగ్రీ పట్టా బీరువాలో పట్టుచీరల కింద ఇస్త్రీ నలగకుండా ఉంది. పిల్ల అడిగినది వెంటనే చెప్పేయకపోవడం ఆవిడ సరదా, అంతే. ఆ సరదా పుణ్యమా అని కుందన ఏ ప్రశ్ననూ సగంలో వదిలేయలేని మనిషిగా తయారైంది.

పిల్లలు ఐదు గిన్నెల్లో పిండి పెట్టారు. ఒకటి ఎండలో, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి మరుగునీళ్ళు కలిపి, ఇలా తలా ఒక ఆలోచన. రోజూ మూతలు తీసి వాసన చూసేవారు, వేళ్ళు పెట్టేవారు, ఆ వేళ్ళు పక్కవాడి చొక్కాకు తుడిచేవారు. లోపల ఎవరో కూర్చుని ఊదుతున్నారని ఇమ్మానుయేలు వాదన. పిండికి నిద్రలో ఒళ్ళొస్తోందని కుందన వాదన. ఈ విషయమై జుట్లు పట్టుకున్నారు కూడా.

బడికి ఒకే ఒక నియమం ఉంది. ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే మిగతావాళ్ళు అందించకూడదు. అరచేత్తో నోరు మూసుకుని ఆగాలి. శేషుకుమారి టీచరుతో సహా. ఇమ్మానుయేలు ఒక మధ్యాహ్నం నురగను చూపించి "టీచర్, దిస్ ఈజ్..." అని మొదలుపెట్టాడు. బడి మొత్తం నోటి మీద చెయ్యేసుకుని కూర్చుంది. వాడు పైకప్పులో వెతికాడు, చెప్పుల్లో వెతికాడు. చివరికి ఇంటిగంట కొట్టేశారు. మర్నాడు గేటు దగ్గరే "ఫోమ్!" అని అరుచుకుంటూ వచ్చాడు.

ఆ మధ్యాహ్నం పిల్లను తీసుకురావడానికి వెళ్ళిన ఉదయభాస్కర్ ఇదంతా చూసి ఇంటికొచ్చాడు.

"ఇంత వృథా నేనెక్కడా చూడలేదు. పన్నెండు బుర్రలు నోళ్ళు మూసుకుని కూర్చోవడమేమిటి? ఆ మాట కుందనకు తెలుసు. తెలిసీ ఆగింది!"

"ఆగడం కూడా ఒక చదువేనండీ," అంది సువర్చల.

"ఆగడం రైల్వేగేటు దగ్గర ఎలాగూ నేర్చుకుంటారు," అన్నాడాయన.

సర్పవరం రోడ్డులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు మేడమీద ఆయన ప్రయోగశాల రెండు గదులు. ఒకదాంట్లో యంత్రాలు, రెండోదాంట్లో మడతమంచం. అక్కణ్ణుంచి కొన్నాళ్ళకు చేదోడు దిగొచ్చింది. మినపగింజంత నల్లటి బిళ్ళ. చెవి వెనక ఎముక మీద చిన్న ప్లాస్టరు ముక్కతో అంటించుకోవడమే.

"మాట కోసం వెతికేటప్పుడు బుర్రలో దురదలాంటిదొకటి పుడుతుంది," భోజనాల దగ్గర వివరించాడు. "చేదోడు ఆ దురదను పన్నెండుమందికీ పంచుతుంది. ముందుగా ఎవరికి మాట దొరికితే అది తిరిగి అందరికీ వెళ్తుంది. తెలుగుదైనా, ఇంగ్లీషుదైనా."

"అంటే దురద ఒకడిది, గోకేది ఇంకొకడన్నమాట."

"నీ నోట పడితే ఏ సిద్ధాంతమైనా వంటింట్లోకి దిగిపోతుంది."

"దురదకూ వంటింటికీ ఏమిటండీ సంబంధం? మజ్జిగ పోయమంటారా?"

తల్లిదండ్రులందరూ సంతకాలు పెట్టారు. సువర్చల కూడా పెట్టింది. చేదోడు హాయిగా పనిచేసింది. మొదటిరోజే ఇమ్మానుయేలు చెవి వెనక ఒక్కసారి గోక్కుని "బబుల్స్" అన్నాడు. ఆ సమయంలో కుందన పెరటి చివర మొక్కలకు నీళ్ళు పోస్తోంది. ఇద్దరి మధ్యా ఒక్క చూపు కూడా నడవలేదు. శేషుకుమారి టీచరు ఆనందంతో చేతులు నులుముకుంది. ఉదయభాస్కర్ ప్రయోగశాలలో గోడమీది తెరపై తరగతి మొత్తానికీ కలిపి ఒక సగటు గీత ఉంటుంది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య పిల్లలు ఎంతసేపు తడుముకుంటున్నారో అది చెబుతుంది. ఆ గీత జారుడుబల్ల మీద పిల్లవాడిలా సర్రున కిందికి దిగింది. ఇంట్లో కూడా తీయొద్దన్నాడు. ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మంచిదట.

సువర్చల వారానికోసారి బడికి రుబ్బిన పిండి పట్టుకెళ్ళేది. ఒకసారి వెళ్ళేసరికి బడి బ్యాంకులా ఉంది. పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎవరి జుట్టూ ఎవరి చేతిలోనూ లేదు.

"ఏరా ఇమ్మానుయేలూ, పిండి లోపల ఊదేవాడు దొరికాడా?" అని పలకరించింది.

వాడు చెవి వెనక గోక్కున్నాడు. "పిండి పులవడాన్ని ఫెర్మెంటేషన్ అంటారాంటీ," అన్నాడు. పక్కనున్న పిల్ల కూడా అదే అంది. దాని పక్కది కూడా.

ఆవిడ గిన్నెల దగ్గరకెళ్ళి ఒక మూత తీసింది. పైన పసుపుపచ్చగా తెట్టె కట్టి ఉంది. ఆ వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూత తీసి చాలా రోజులైందని తెలుస్తూనే ఉంది. మాట చేతికొచ్చాక పిండితో ఎవరికి పని?

ఆ గదిలో ఇంకా ఏదో తేడాగా ఉందనిపించింది గానీ ఏమిటో అప్పుడు అందలేదు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే అందింది. తను అక్కడున్నంతసేపూ ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

అప్పట్నుంచి సువర్చలకు కాలు ఒకచోట నిలవలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ నానబెట్టింది. కూరలో రెండోసారి పోపు వేసింది. కుందన సన్నబడుతోంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతోంది. నిద్రలో చెమటకు దిండంతా తడిసిపోతోంది. డాక్టరుకు చూపిస్తే టానిక్కు రాశాడు.

ఒక సాయంత్రం స్నానం చేయిస్తుండగా, ముఖం నిండా సబ్బు నురగతో కుందన ఉన్నట్టుండి, "బల్లి కాదు. తొండ," అంది.

సువర్చల గోడలు చూసింది. బల్లీ లేదు, తొండా లేదు. "ఎవరికి చెబుతున్నావే?"

"ఇమ్మూకి. వాళ్ళ గోడమీదుంది."

తడిచేతులతోనే ఇమ్మానుయేలు వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. గ్రేసుది జగన్నాథపురం. వాళ్ళాయన చేపలబోటు మీద వెళ్తాడు.

"గ్రేసూ, మీ గోడమీద ఏమైనా ఉందా?"

"ఆయ్, ఉందండక్కా! ఇప్పుడే మావోడు చూపించి తొండ అన్నాడండి. మొన్నటిదాకా కాళ్ళున్నయ్యన్నీ వాడికి బల్లులేనండి. మీకెలా తెలిసిందండి?"

సువర్చల మగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అమ్మా, కళ్ళు మండుతున్నాయి," అని పిల్ల ఏడిస్తే గానీ నీళ్ళు పోయలేదు.

ఉదయభాస్కర్‌కు చెబితే కొట్టిపారేశాడు. "కాకతాళీయం. ఒక్క సంఘటన మీద నిర్ణయాలు చేయడం అశాస్త్రీయం."

సరే, శాస్త్రీయంగానే చేద్దామనుకుంది సువర్చల. బడి పిల్లలు చేయడం మానేసిన ప్రాజెక్టును ఆవిడ మొదలుపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కుందన నిద్రపోయింది. పక్కన కూర్చుని సువర్చల గ్రేసుకు ఫోన్ చేసింది. ముందే అనుకున్న ప్రకారం గ్రేసు కొడుకు చేతిలో ఒక కవ్వం పెట్టి అదేమిటని అడిగింది. వాళ్ళింట్లో మజ్జిగ పొట్లాల్లోనే వస్తుంది కాబట్టి వాడు కవ్వాన్ని ఎన్నడూ చూడలేదు. కుందన దానితో బొమ్మలాట ఆడుతూ పెరిగింది.

నిద్రలో కుందన వేళ్ళు కదిలాయి. "కవ్వం," అంది.

ఫోన్లో ఇమ్మానుయేలు గొంతు వినబడింది. "కవ్వం."

సువర్చల అక్కడితో ఆపాల్సింది. కానీ చదువుకున్న బుర్ర కదా, ఎదురు పరీక్ష కూడా కావాలంది. రెండోసారి గ్రేసు వాళ్ళాయన వల అల్లే చెక్కసూదిని చూపించింది. దాని పేరు ఆ కొడుకుకూ తెలియదు, కుందనకూ తెలియదు.

కుందన కనుబొమలు ముడిపడ్డాయి. అటు దొర్లింది, ఇటు దొర్లింది. పెదాలు ఏదో మాట మొదలుపెట్టి వదిలేస్తున్నాయి. నుదుటిమీద చెమట ముత్యాల్లా పట్టి చెంపల మీదికి కారింది. చేతులు దుప్పట్లో పోయిన వస్తువును వెతుకుతున్నట్టు గుప్పిళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఫోన్లో అవతల ఇమ్మానుయేలు మాత్రం తాపీగా, "ఆగమ్మా, వచ్చేత్తది," అంటున్నాడు. వాడు వెతకడం లేదు. ఎదురుచూస్తున్నాడు.

"చెప్పేయ్ గ్రేసూ! వాడికి పేరు చెప్పేయ్!" అని అరిచింది సువర్చల.

గ్రేసు చెప్పింది. కుందన ఊపిరి వదిలి, గోడవైపు తిరిగి, ముడుచుకుని పడుకుంది.

దురద పన్నెండుమందికీ పంచితే మొదట్లో పన్నెండుమందీ గోకారు. తర్వాత, ఎవరో ఒకరు గోకుతారులే అని ఒక్కొక్కరే మానేశారు. మానలేనిది ఒక్కతే మిగిలింది. దాన్ని అలా పెంచింది తనే.

ప్లాస్టరు పీకేసింది. కుందన లేచి, చెవి వెనక తడుముకుని, ఏడుపు లంకించుకుంది. "పెట్టమ్మా! వాళ్ళు వెతుక్కుంటున్నారు. నేను లేకపోతే వాళ్ళకి దొరకదు!" ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు. ఎక్కిళ్ళు పెట్టి వాంతి చేసుకుంటే, గుండె రాయి చేసుకుని మళ్ళీ అంటించింది.

సాయంత్రం ఉదయభాస్కర్ కాళ్ళు కడుక్కోకముందే కవ్వం సంగతంతా చెప్పింది.

"మీ సగటు గీత విప్పి, అందులో ఎవరి వాటా ఎంతో చూడండి. పదకొండుమంది తింటున్నారు, ఒక్కతి వండుతోంది."

"తరగతి సామర్థ్యాన్ని సగటుతోనే కొలుస్తారు సువర్చలా. పిల్లకు జ్వరం చూశావా? లేదు. టానిక్కు వేశావా?"

"వేశాను. మీకూ ఒక మూత పొయ్యనా?"

"రేపు విద్యాశాఖ నుంచి మేడమ్ వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే జిల్లాలో చిన్నపిల్లల బడులన్నిటికీ చేదోడు వెళ్తుంది. ఇలాంటప్పుడు నీ పప్పుగుత్తి ప్రయోగాలు..."

"కవ్వం," అంది సువర్చల. "మీకూ చేదోడు కావాలి."

ఆయన తలుపు వేసుకుని రేపటి ఉపన్యాసం రాసుకున్నాడు. జిల్లాలో బడులన్నీ. ప్రతి బడిలోనూ ఒక కుందన. ఆ ఆలోచనతో సువర్చల పక్కమీద దొర్లింది గానీ కన్ను మూతపడలేదు.

పొద్దున్నే పప్పు నానబోయడానికి డబ్బా తీసింది. అరచేతిలో మినుములు పోసుకుని కాసేపు చూస్తూ ఉండిపోయింది. పొట్టు తీయనివి, నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆవిడ ముఖంలోకి చాలా రోజుల తర్వాత కొంచెం రంగు వచ్చింది.

జడ వేస్తూ కుందన చెవి వెనక ప్లాస్టరు నెమ్మదిగా లేపింది. "కదలకు, పేను." బిళ్ళ తీసి కొంగున ముడివేసుకుంది. ఆ స్థానంలో మినపగింజను పెట్టి కొత్త ప్లాస్టరు అంటించింది. కుందన వేలితో తడిమి చూసుకుంది. ఉంది. తృప్తిపడి బడికి బయల్దేరింది.

బడి గేటు దగ్గర తల్లి చెయ్యి పట్టి ఆపింది. "అమ్మా, ఇవాళ ఎవరూ పిలవట్లేదు."

"సెలవు పెట్టుంటారులే," అంది సువర్చల.

ప్రదర్శన భోజనాల గంట తర్వాత మొదలైంది, అంటే ఇంగ్లీషు వేళలో. ముందు వరసలో మేడమ్ కూర్చున్నారు, కళ్ళజోడు మీదుగా చూసే మనిషి. పక్కన శేషుకుమారి టీచరు. గోడవారన పలకంత తెర పట్టుకుని ఉదయభాస్కర్. వెనక తల్లులతో పాటు సువర్చల, పక్కన గ్రేసు. పిల్లలు అప్పజెప్పాల్సింది ముందే బట్టీపట్టారు కాబట్టి గడగడా అప్పజెప్పారు. పులియడమంటే ఏమిటి, అందులో సూక్ష్మజీవులేం చేస్తాయి, గాలి ఎలా పుడుతుంది. చప్పట్లు మోగాయి. ఉదయభాస్కర్ మెడ అరంగుళం పొడుగైంది.

మేడమ్ లేచి, ప్రదర్శన కోసం మళ్ళీ కొత్త పిండి పెట్టించిన గిన్నెల దగ్గరకెళ్ళారు. చిన్నపిల్లల బడి కదా, ఏమీ చూడకుండా వెళ్ళిపోతే బాగుండదనుకున్నారో ఏమో, ఒక్కొక్క మూతే తీసి చూశారు. మూడో గిన్నె దగ్గర ఆగారు.

"ఇది పొంగలేదే? వై?"

ఇది బట్టీపట్టిన వాటిలో లేదు.

పదకొండు చేతులు పదకొండు చెవుల వెనక్కి వెళ్ళాయి. తర్వాత, ఎవరో తీగ లాగినట్టు, పదకొండు తలలూ ఒకేసారి కుందన వైపు తిరిగాయి. అలా తిరిగి, ఎదురుచూస్తూ ఉండిపోయాయి.

సువర్చల తెలిసి చేసినదే. అయినా ఆ తలలు తిరగడం చూసేసరికి ఒక అడుగు వెనక్కి వేసింది. గ్రేసు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏటండక్కా ఇది? మావోడేటి, దాని మొహంలోకి అలా చూత్తన్నాడు?"

కుందన వాళ్ళను గమనించనే లేదు. లేచి గిన్నె దగ్గరకెళ్ళింది. లోపలికి తొంగిచూసింది, వేలు ముంచింది, వాసన చూసింది. ముక్కుకు పిండి అంటుకుంది.

"మేడమ్," అంది. "ఇట్ ఈజ్... ఇట్ ఈజ్ నాట్ పొంగింగ్." నవ్వులు వినబడ్డాయి. కుందన పట్టించుకోలేదు. ముఖం చిట్లించి ఇంకొంచెం వెతికింది. తర్వాత వెనక్కి తిరిగి అందర్నీ అడిగింది. "దీంట్లో ఎవరేం పోశారు?"

బడిలో ఎన్నాళ్ళకో ఒక మనిషి ఇంకొక మనిషిని ఏదో అడిగిన చప్పుడు అది.

ఇమ్మానుయేలు చెవి వెనక గోక్కున్నాడు. ఏమీ రాలేదు. మళ్ళీ గోక్కున్నాడు. కళ్ళల్లో నీళ్ళు చిప్పిల్లాయి. అప్పుడు కుందన అరచేత్తో తన నోరు మూసుకుంది. పాత నియమం. పక్కపిల్ల చూసి మూసుకుంది. ఒక్కొక్కరే మూసుకున్నారు. శేషుకుమారి టీచరు చెయ్యి కూడా నోటి మీదికెళ్ళింది. ఇమ్మానుయేలు పైకప్పులో వెతికాడు, చెప్పుల్లో వెతికాడు.

"నేనేనండి," అన్నాడు చివరికి. "మరుగునీళ్ళు పోసేనండి. హాట్ వాటర్! లోపల ఊదేవోడు... కాలిపోయుంటాడండి."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇందాక అప్పజెప్పిన దానికన్నా ఇదే బాగుంది. మరి మీ యంత్రం ఏం చేసినట్టండీ?" అని ఉదయభాస్కర్‌ను అడిగారు.

ఆయన వినలేదు. తెర వంక చూస్తున్నాడు. ఎన్నడూ విప్పని సగటును ఇప్పుడు వేలితో విప్పాడు. పన్నెండు గీతలు. పదకొండు ఇవాళ ఒక్కరోజే కాదు, ఎన్నో వారాలుగా నేలమీద పడుకుని ఉన్నాయి. పన్నెండోది నిన్నటిదాకా కొండలా పైకి, ఇంకా పైకి ఎక్కి, ఇవాళ పొద్దున ఠక్కున ఆగిపోయింది.

కుందన దగ్గరకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవి వెనక ప్లాస్టరు లేపాడు. అరచేతిలో మినపగింజ పడింది. దాన్ని చూశాడు. వెనక వరసలో నిలబడ్డ భార్యను చూశాడు. ఆవిడ కొంగుముడి విప్పి, అసలు బిళ్ళను రెండువేళ్ళ మధ్య పట్టుకుని చూపించింది.

పిల్ల కళ్ళ కింద నల్లటి చారలను ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టున్నాడు. బొటనవేలితో వాటిని తుడవబోయాడు. అవి పోలేదు.

లేచి నిలబడ్డాడు. "ఈ ప్లాస్టరు..." అని ఆగాడు. "సగటు లెక్కగట్టే పద్ధతిలో..." అని మళ్ళీ ఆగాడు. "అంటే, పంపిణీలో కొంత..."

ఆ మాటలేవీ నిలబడలేదు. ఆయన పైకప్పు వైపు చూశాడు. తర్వాత చెప్పుల వైపు చూశాడు.

"అమ్మా, నాన్న ఏదో వెతుక్కుంటున్నారు," అంది కుందన గుసగుసగా. "చెప్పేద్దామా?"

"వద్దు. ఆగు."

కుందన నోటి మీద చెయ్యేసుకుంది. మిగతా పదకొండుమందీ వేసుకున్నారు. గ్రేసు వేసుకుంది. మేడమ్ అటూ ఇటూ చూసి, ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలని, తనూ వేసుకున్నారు. సువర్చల అందరికన్నా గట్టిగా మూసుకుంది. పదేళ్ళ కాపురంలో ఎన్నిసార్లు అందించబోయి ఊరుకున్న మాటో అది. ఇప్పుడు మాత్రం పొరపాటున కూడా జారకూడదు.

పెంకుటిల్లంతా అలా ఆగింది. బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"తప్పు," అన్నాడు ఉదయభాస్కర్. ఎవరూ అందించలేదు.

"తప్పు చేశాను. నేనే."